కూర్చుని వాయించే కచేరి

ఎక్కడ సభ జరిగినా నా కళ్ళు ముందు వేదిక మీది కుర్చీల మీదికే పోతాయి. ఎవరి పక్కన ఎవరిని వేశారు, చేతులున్న కుర్చీ ఎవరికి దక్కింది, చేతుల్లేనిది ఎవరి నెత్తిన పడింది అని చూస్తుంటాను. రిటైరయినా పోని జబ్బు ఇది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పిల్లలు చదువుకునే ఒక యూనివర్సిటీలో, విద్యార్థి వ్యవహారాల విభాగంలో సూపరింటెండెంటుగా పనిచేసి బయటపడ్డదాన్ని. పేరు చెప్పను. ఎవరి పేరూ చెప్పను, అడగొద్దు.

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "మేడమ్, కార్యక్రమాలు సాఫీగా జరగాలంటే ఏం చెయ్యాలో టిప్స్ చెప్పండి" అంటారు. టిప్సూ లేవు, నా తలకాయా లేదు. ఒక్క రోజు సంగతి చెబుతాను, వినండి. పనికొస్తే వాడుకోండి, లేకపోతే టీ తాగుతూ నవ్వుకోండి.

రెండు వేల పది దాటిన కొత్తలో మాకో కొత్త డీన్ గారొచ్చారు. చెప్పే పాఠం ఆర్థికశాస్త్రం, ఉన్న పిచ్చి సంగీతం. వచ్చీ రాగానే "నెలకొక అతిథి కచేరి" అని మొదలుపెట్టారు. బయటి ఊళ్ళ నుంచి విద్వాంసుల్ని పిలిపించి మన పిల్లల ముందు కూర్చోబెట్టడం. వయొలిన్ ఆయన వచ్చారు, వేణువు ఆయన వచ్చారు, మద్రాసు నుంచి ఒకావిడ వచ్చి గొప్పగా పాడి వెళ్ళింది. పిల్లలు మొదట్లో అటెండెన్సు కోసం వచ్చారు, తర్వాత ఏసీ కోసం వచ్చారు, పోనుపోను కొందరు పాట కోసం కూడా వచ్చారు. ఎవరొచ్చినా మా మర్యాద ఒకటే. ఒక శాలువా, ఒక బొబ్బిలి వీణ బొమ్మ. మృదంగం వాయించినాయనకైనా వీణే, వేణువు ఊదినాయనకైనా వీణే.

ఒక నెల డీన్ గారు నాదస్వరం పెడదామన్నారు.

"సన్నాయా సార్? పెళ్ళిళ్ళలో విన్నదే కదా, పిల్లలు వస్తారా?" అన్నాను.

"పెళ్ళిలో ఎవరు విన్నారు మేడమ్? సన్నాయి మొదలయ్యేసరికి అందరూ భోజనాల దగ్గరుంటారు" అన్నారాయన. నిజమే. నేనూ అంతే.

ఎవరెవరినో అడిగి ఒక పెద్దాయనను పట్టారు. గుంటూరు దాటి, సముద్రం వైపు ఎక్కడో ఊరు. ఆయనకు సెల్‌ఫోన్ లేదు. పక్కనున్న కిరాణా కొట్టుకు ఫోన్ చేస్తే వాళ్ళు కేకేసి పిలిచేవారు. తేదీ చెప్పాను, రైలు చెప్పాను, శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో దిగితే కారుంటుందని చెప్పాను. అన్నిటికీ సరేనన్నారు. పెట్టేయబోతుంటే ఆగి అడిగారు.

"అమ్మా, ఒక్క మాట. ఇది కూర్చుని వాయించే కచేరీయేనా?"

"కూర్చునేనండీ. మరి పడుకుని వాయిస్తారా?" అన్నాను. నా నోరు అలాంటిది.

ఆయన నవ్వారు. "అట్టా కాదమ్మా. చిన్నప్పటి నుంచీ వాయిస్తన్నా. ఊరేగింపుల్లో నడస్తా వాయించా, గేట్ల కాడ నిలబడి వాయించా, పందిట్లో ఓ మూల ఒదిగి వాయించా. నేను పైన కూర్చుని, జనం నావైపు తిరిగి కూర్చుని, నా వాద్యం కోసమే వచ్చి వినటం మటుకు జరగలా. అందుకని అడుగుతున్నా. ఏమీ అనుకోమాకండి."

"స్టేజీ మీద తివాచీ వేయిస్తాను, ముందు మైకు పెట్టిస్తాను, ఎదురుగా హాలు నిండా పిల్లల్ని కూర్చోబెడతాను. నాదీ పూచీ" అన్నాను.

"చాలమ్మా. మా వీధిలో అందరికీ చెప్పుకుంటా" అని పెట్టేశారు.

ఇంతే. అడిగింది ఆయన, మాట ఇచ్చింది నేను. డీన్ గారు ఫ్లెక్సీ కోసం ఫొటో పంపమంటే ఒక పాత స్టూడియో ఫొటో పోస్టులో వచ్చింది. నల్లటి గిరజాల జుట్టు, గుబురు మీసం, సినిమా హీరోలా చూపు. అదే గేటుకు నిలువెత్తున కట్టించాం.

ఆ రోజు మాఘమాసం, పెళ్ళిళ్ళ జోరు. సభ మూడింటికి, పిల్లల బస్సులు అయిదింటికి. మా దగ్గర అసలు గడియారం ఆ బస్సులే. బొబ్బిలి బస్సు, శృంగవరపుకోట బస్సు, సముద్రం వైపు పల్లెలకెళ్ళే బస్సు. అయిదు దాటితే ఇంట్లోవాళ్ళు ఊరుకోరు, డ్రైవర్లు అసలే ఊరుకోరు. కాబట్టి ఏ విద్వాంసుడైనా మా దగ్గర అయిదింటికి మంగళం పాడాల్సిందే.

పొద్దున్నే డ్రైవర్ని స్టేషన్‌కు పంపాను. గుర్తుపట్టడానికి ఫొటో ఇచ్చాను. రైలు బాగా లేటుగా వచ్చింది. తర్వాత డ్రైవర్ ఫోన్.

"అమ్మా, బండొచ్చినాది, ఎల్పోయినాది. ఫొటోలో మడిసి దిగనేదు."

"సరిగ్గా చూశావా?"

"మీసాలున్నోలందర్నీ అడిగినానమ్మా. ఒకాయన తిట్టినాడు కూడాను."

కిరాణా కొట్టుకు ఫోన్ చేశాను. "నిన్ననే బయల్దేరారండీ, పట్టుపంచె ఇస్త్రీ చేయించుకుని మరీ ఎక్కారు. బావమరిది డోలు పట్టుకుని కూడా వెళ్ళాడు" అన్నారు. అయితే మనిషి ఏమైనట్టు? దారిలో జబ్బు చేసిందా, నిద్రపోయి పలాస దాటి పోయారా? డీన్ గారు కాలుగాలిన పిల్లిలా వరండాలో తిరగడం మొదలుపెట్టారు. ఆయన ఇటు తిరిగితే నేను అటు తిరుగుతున్నాను. "మరో బండి ఉందేమో చూడమని చెప్పండి" అంటారు. చెప్పాను. మళ్ళీ అయిదు నిమిషాలకు "చెప్పారా?" అంటారు.

ఇది చాలదన్నట్టు మా అటెండరు వచ్చాడు. పక్క ఊరివాడే, ఏ పనైనా మీదేసుకునే రకం, మంచివాడు. "అమ్మా, కొంప ములిగింది. మేళమోలు హేండిచ్చీసినారు" అన్నాడు.

ఈ మేళం సంగతి చెప్పాలి. మా వైపు పెద్దమనిషి ఎవరైనా వస్తున్నాడంటే గేటు దగ్గర సన్నాయి, డోలు ఉండాలి. కారు గేటులోకి తిరగ్గానే వాయించాలి. అది లేకపోతే సభకు కళ రాదని మా వాళ్ళ నమ్మకం. సన్నాయి కచేరికి మళ్ళీ గేటు దగ్గర సన్నాయి స్వాగతం ఏమిటని నేను ముందే అడిగాను. "ఆనవాయితీ అండీ, ముఖ్య అతిథి ఏమనుకుంటారు" అని నా నోరు మూయించారు. ముఖ్య అతిథి అంటే మా ఆడిటోరియానికి ఏసీలు పెట్టించిన ఫ్యాక్టరీ ఆయన. కళ ఆయన కోసమే.

"ఎందుకు హ్యాండిచ్చారు?"

"బొబ్బిలి కాడ పెళ్ళంటమ్మా. పెళ్ళోలు కారెట్టి తీసుకెల్పోనారు. మనం కారెట్టనేదు గదా."

"మేళం లేకపోతే ప్రాణాలేం పోవు. అసలు మనిషే లేడని మేం ఏడుస్తుంటే! పో ఇక్కణ్ణుంచి" అని కసిరాను.

పోయాడు. మధ్యాహ్నం భోజనం కూడా సయించలేదు నాకు. రెండు ముద్దలు మింగి వరండాలోకి వచ్చేసరికి గేటు వైపు నుంచి సన్నాయి వినబడింది. అటెండరు పళ్ళన్నీ బయటపెట్టి పరిగెత్తుకొచ్చాడు.

"దేవుడే పంపినాడమ్మా! బస్సు దిగి తిన్నగా గేటు కాడికొచ్చీసినారు. ఒక ముసిలాయన, ఒక డోలాయన. మన మేళమోలే బదులుకి పంపినట్టున్నారు. ఇలాగ నిలబడి వాయించండని నిలబెట్టీసినాను."

"సరేలే" అన్నాను. ఆ నిమిషంలో నాకు కావలసిన మనిషి వేరు. డీన్ గారు మాత్రం తిరగడం ఆపి చెవి అటు పెట్టారు. గేటు మా ఆడిటోరియానికి పెద్ద దూరం కాదు, గాలి కూడా ఇటే వీస్తోంది. కాసేపు విని, "ఎవరండీ వీళ్ళు? ఖరహరప్రియ రాగం ఎంత బాగా తీస్తున్నాడు! మన గెస్టు వచ్చి ఈపాటి వాయిస్తే చాలు" అన్నారు. అని మళ్ళీ తిరగడం మొదలుపెట్టారు.

మీకు అర్థమైపోయింది కదూ? మాకు కాలేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడం అనే సామెత చిన్నప్పుడు విన్నాను. ఆ రోజు చూశాను.

మూడవుతుండగా ఫ్యాక్టరీ ఆయన కారు వచ్చింది. వరండాలో నిలబడి చూస్తున్నాను. గేటు పక్క పిట్టగోడ మీద మా పిల్లలు బారుగా కూర్చుని ఉన్నారు, క్లాసులు ఎగ్గొట్టి కాబోలు. సన్నాయి అప్పుడే పైకి పోతోంది. రాగాల పేర్లు నాకు తెలియవు, కానీ ఒక్కో మెట్టూ ఎక్కి, ఆగి, వెనక్కి చూసుకుని మళ్ళీ ఎక్కుతున్నట్టుంది. ఆఖరి మెట్టు ఒకటి మిగిలిందని నాలాంటి దానికి కూడా తెలుస్తోంది. కారు గేటు దగ్గర నెమ్మదించింది. అద్దం దిగింది. చెవి దగ్గర ఫోను పెట్టుకున్న ముఖ్య అతిథి, రెండో చెయ్యి బయటపెట్టి, చాలు చాలు, ఆపండి అన్నట్టు ఊపారు. సన్నాయి అక్కడికక్కడే ఆగిపోయింది. కారు లోపలికి వచ్చింది.

ఆ మిగిలిపోయిన మెట్టు నన్ను చాలాసేపు పీకింది. పాట మధ్యలో కరెంటు పోయినప్పుడు ఉంటుందే, ఆ చిరాకు.

గెస్టు లేకుండానే సభ మొదలైంది. అయిదు వత్తులు వెలిగించేసరికి ఏసీ గాలికి మూడు ఆరిపోయాయి. వేదిక మీద వైస్ చాన్సలర్ గారు, ముఖ్య అతిథి, ఇంకా ఎవరు పడితే వారు. వాళ్ళ కుర్చీల వెనక గోడకు ఆనించి, చుట్టి పెట్టిన తివాచీ. నా చూపంతా దాని మీదే. గెస్టు రైలు ఆలస్యమైంది, ఏ క్షణాన్నయినా వస్తారు అని డీన్ గారు ప్రకటించి, ఉపన్యాసకులకు సైగ చేశారు, కాస్త సాగదీయండి అని. నా సర్వీసులో వక్తల్ని పొడిగించమనడం అదే మొదలు, అదే ఆఖరు. మా వాళ్ళకు కుదించమంటే రాదు గానీ పొడిగించమంటే చెప్పాలా! ఒకాయన వేదకాలంలో ఎత్తుకుని మెల్లగా నడిపించుకొస్తున్నారు. పిల్లలు కాళ్ళూపుతున్నారు, జడలు విప్పి మళ్ళీ అల్లుకుంటున్నారు. ఒక మూల నుంచి ఆవులింత వస్తే వరస మొత్తం అంటుకుంటోంది. నాకు కుర్చీలో కుదురు లేదు. లేచి తలుపు దాకా వెళ్ళడం, రోడ్డు చూడడం, వచ్చి కూర్చోవడం. ఇచ్చిన మాట ముల్లులా గుచ్చుతోంది.

డ్రైవర్ ఖాళీ కారుతో తిరిగొచ్చేశాడు. నాలుగు దాటింది.

అప్పుడు అటెండరు వంగి నడుస్తూ వచ్చి నా చెవిలో గొణిగాడు. "అమ్మా, ఆ మేళమోలకి టీ పోయించినాను. ఎల్లరేటమ్మా ఆళ్ళు! ఆ ముసిలాయన ఒకటే అడగతన్నాడు, కూకొని వాయించే సోటు ఎక్కడా అని. మేడంగోరు మాటిచ్చినారంట. ఏ మేడమో ఏటో."

వాడి చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఏమన్నాడూ?"

"కూకొని వాయించడమని మేడంగోరు…"

ఆ తర్వాత నేను వినలేదు. ఆ వయసులో, ఆ ఒంటితో, అంతమంది చూస్తుండగా పరిగెత్తాను. చీర కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుని పరిగెత్తాను.

గేటు దగ్గర, ఫ్లెక్సీ నీడలో, ఒక బక్కపలచటి ముసలాయన కుళాయి దగ్గర మొహం కడుక్కుంటున్నారు. తల నున్నగా ఉంది. మీసం లేదు. ఇస్త్రీ పట్టుపంచె అంచుకు ఎర్రమట్టి. పైన నిలువెత్తు బొమ్మలో గిరజాల జుట్టుతో ఆయనే. డోలు పక్కన కూర్చున్న బావమరిది నన్ను చూసి ముఖం అటు తిప్పుకున్నాడు.

"అయ్యా, మీరు…" అన్నాను, ఊపిరందక.

"మీరేనామ్మా ఫోన్లో మాట్లాడింది? గొంతు గుర్తుపట్టా" అన్నారాయన, నవ్వుతూనే. రైలు మరీ లేటవుతుంటే విజయనగరంలో దిగిపోయారట. "సంగీతం పండిన ఊరు గదా, ఇంత దూరం వచ్చి తొక్కకుండా ఎట్టా పోతాం? సంగీత కాలేజీ మెట్టుకి దణ్ణం పెట్టుకుని బస్సెక్కాం. ఇక్కడ దిగంగానే ఆ అబ్బాయి రండి రండి, మీకోసమే చూస్తన్నాం అన్నాడు. ఇక్కడ నిలబడి వాయించమన్నాడు. వాయించాం."

"ఎందుకు వాయించారండీ? నేను ఫలానా అని చెప్పొద్దూ?" గట్టిగా అరిచినట్టే అన్నాను. కోపం ఆయన మీద కాదు, కానీ దొరికింది ఆయనే.

"మా బావకి చెబుతానే ఉన్నా, ఇది మన కచేరి గాదని" అన్నాడు డోలాయన. "వింటేగా! వాయించమంటే కాదనటం తెలవదు ఆయనకి."

పెద్దాయన తువ్వాలుతో మొహం ఒత్తుకున్నారు. "పిల్లలు బాగా విన్నారమ్మా. ఆ గోడ మీద కూర్చుని కదలకుండా విన్నారు. నాకూ అనుమానం వచ్చింది. ఇక్కడి పద్ధతి ఇదేనేమో, కూర్చునేది వాళ్ళేమో అనుకున్నా. ఆ కారులో ఆయన చాలన్నారు, ఆపేశాం. ఇంతేనా అమ్మా కచేరి?"

ఏడుపొచ్చింది నాకు. దాచుకోవడం దేనికి, నిజంగానే వచ్చింది. ఏడవడానికి వ్యవధి లేదంతే.

డీన్ గారికి ఫోన్ చేశాను. ఆయన పాపం సగం చచ్చారు. మిగిలిన సగంతో ఒక ఉపాయం చెప్పారు. "మేడమ్, కారు పంపుతాను. వెనక గేటు నుంచి తీసుకురండి. ఇప్పుడే స్టేషన్ నుంచి వచ్చారని అనౌన్స్ చేస్తాను. ఎవరికీ తెలియదు."

పెద్దాయనకు చెప్పాను. ఆయన గేటు వంక చూశారు, హాలు వంక చూశారు. "ఇంత దూరానికి కారెందుకమ్మా? నడుస్తా వాయించటం అలవాటే, ఉత్తినే నడవలేమా? వచ్చిన గేటు నుంచే వస్తాం" అన్నారు. ఆ మాట మెత్తగానే అన్నారు. కానీ అప్పటికే సన్నాయి అందుకుని కదిలారు.

హాల్లోకి మధ్య దారిన తీసుకొచ్చాను. ముందు నేను, వెనక ఆయన, ఆ వెనక డోలు. అప్పుడు మైకు దగ్గర ముఖ్య అతిథి మాట్లాడుతున్నారు, కళాకారులను గౌరవించుకోవడం మన సంస్కృతి అని. నేను కల్పించి చెబుతున్నానని అనుకుంటారు. అనుకోండి.

ఎదురుగా గోడ గడియారంలో అయిదుకు పావుగంట తక్కువ, బయట బస్సులు స్టార్టు చేస్తున్న చప్పుడు. ఇంకా వందన సమర్పణ ఉంది, సన్మానం ఉంది, శాలువా, వీణ, ఫొటో ఉన్నాయి. అవన్నీ అయ్యాక తివాచీ పరిస్తే ఆయన దాని మీద కూర్చుని ఎవరికి వాయించాలి, కుర్చీలకా? నాకు ఒళ్ళు మండింది. వేదిక ఎక్కాను.

"తివాచీ పరుచు" అన్నాను అటెండరుతో.

"ఓలమ్మో, పెద్దోలు కూకొనుండగానా?"

"పరుచు!"

వాడు ఒక కొస, నేను ఒక కొస పట్టుకుని దొర్లించాం. అది వైస్ చాన్సలర్ గారి కాళ్ళ దగ్గరికి వచ్చి ఆగింది. "సార్, దయచేసి కిందికి రండి. కళాకారులు వచ్చారు" అన్నాను. ఆయన నా మొహం చూశారు. ఏం కనబడిందో ఏమో, లేచారు. ఆయన లేస్తే మిగతావాళ్ళు లేవక చస్తారా? మైకు దగ్గర ముఖ్య అతిథి వెనక్కి తిరిగారు. ముసలాయన అప్పటికే మెట్లెక్కి ఆయనకు ఎదురుగా నిలబడ్డారు, చేతిలో సన్నాయి. ఒకరినొకరు చూసుకున్నారు. ముఖ్య అతిథి చెప్పే వాక్యం సగంలో ఉండిపోయింది. "సరే, మరి… కానివ్వండి" అని దిగి ముందు వరసలో కూర్చున్నారు.

డీన్ గారు శాలువా పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. "ముందు వాయించనివ్వండి సార్, శాలువా ఎక్కడికీ పారిపోదు" అన్నాను.

పెద్దాయన తివాచీ మీద కూర్చున్నారు. చాలా మెల్లగా, గుళ్ళో కూర్చున్నట్టు కూర్చున్నారు. పంచె సర్దుకున్నారు. హాలు ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశారు. అందరూ ఆయన వైపే తిరిగి ఉన్నారు. గంటసేపు ఎండలో వాయించిన పెదవులు, వాచి ఉన్నాయి. ఓసారి నాలుకతో తడుపుకుని సన్నాయి ఎత్తారు.

స్తోత్రం లేదు, గణపతి లేదు. ఎక్కడ ఆపించారో సరిగ్గా అక్కడ ఎత్తుకున్నారు. అదే మెట్టు. గేటు దగ్గర మిగిలిపోయిన ఆఖరి మెట్టు. ఒక్క ఊపిరిలో దాని మీదికి ఎక్కి నిలబడ్డారు.

హాల్లో చాలామందికి తెలియలేదు. గోడ మీద కూర్చున్న పిల్లలకు తెలిసింది. వెనక వరసలోంచి ఒకమ్మాయి పక్కదాని వీపు మీద చరిచి, హాలంతా వినబడేట్టు, "ఒసే! ఆపీసిన కాణ్ణుంచేనే!" అంది. వాళ్ళు మొదలుపెట్టారు చప్పట్లు. మిగతావాళ్ళు ఎందుకో తెలియకుండానే కొట్టారు. ముందు వరసలో ముఖ్య అతిథి ఫోను మోగింది. ఆయన చెయ్యి అలవాటుగా లేచి, మధ్యలో ఆగి, కిందికి దిగింది. ఫోను కట్టేసి ఒళ్ళో పెట్టుకున్నారు. ఆయనకు అంతా అర్థమైందని ప్రమాణం చేసి చెప్పలేను.

కథ ఇక్కడ అయిపోతే ఎంత బాగుండును! బస్సులు హారన్ కొట్టాయి. ముందు ఒకటి, తర్వాత అన్నీ. అటెండరును పంపాను, అడ్డం పడుకోనైనా పడుకో గానీ కదలనివ్వకు అని. వాడు నిజంగానే బొబ్బిలి బస్సు ముందు నిలబడి, "కాసేపాగండెహె, నానే నిలబెట్టీసినాను ఆయన్ని" అని బతిమాలాడట. బొబ్బిలి, శృంగవరపుకోట డ్రైవర్లు ఆగారు. సముద్రం వైపు బస్సు ఆగలేదు, ఆగదు, దాని దారి దూరం. ఆ పిల్లలు సంచులు భుజాన వేసుకుని తలలు వంచుకుని లేచారు. ఇందాక అరిచిన పిల్లా వాళ్ళలోనే ఉంది. తలుపు దగ్గర ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి నిలబడింది. "రాయే, ఎల్పోతాది!" అని ఎవరో లాగితే గానీ కదల్లేదు.

పెద్దాయన కళ్ళు మూసుకోలేదు. వెళ్ళే వాళ్ళందర్నీ చూస్తూనే వాయించారు. మిగిలిన వాళ్ళకు వాయించారు. రెండో హారన్‌కు ముగించారు.

హాలు ఖాళీ అయింది. శాలువా కప్పారు, ఫొటో అయింది, పెద్దవాళ్ళు టీకి వెళ్ళారు. ఆయన మాత్రం తివాచీ మీంచి లేవలేదు. కాళ్ళు పట్టేశాయేమోనని దగ్గరికి వెళ్ళాను.

"ఏమీ లేదమ్మా. ఇంకాస్సేపు కూర్చుంటా" అన్నారు.

నేనూ మెట్టు మీద కూర్చున్నాను. ఇచ్చిన మాట సగమే నిలబెట్టుకున్నానని తెలుసు. ఆ సగానికి ఆయన సంతోషంగా ఉండడం నన్ను ఇంకా తినేస్తోంది. అడిగాను, "గేటు దగ్గరే ఒక్క మాట, మీ పేరు చెబితే సరిపోయేది కదండీ" అని.

"గేటు కాడ మా పేర్లు ఎవరడుగుతారమ్మా?" అన్నారు. నిష్ఠూరమేమీ లేదు ఆ మాటలో. రోజూ జరిగేది చెప్పినట్టు చెప్పారు.

వీణ బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి నవ్వారు. "మంచిదిచ్చారు. వీణ వాయించేవాళ్ళని ఏ గేటు కాడా నిలబెట్టలేరు గదా." బావమరిది కూడా అప్పుడు నవ్వాడు, ఆ రోజు మొదటిసారి. కారులో స్టేషన్ దాకా దింపించాం. డ్రైవర్ దారంతా తలొంచుకునే నడిపాడట, మీసాల కోసం వెతికిన వాడు మరి.

అతిథి కచేరీలు డీన్ గారు ఉన్నన్నాళ్ళూ నడిచాయి. గేటు దగ్గర మేళం ఆయన వెళ్ళాక కూడా నడిచింది. ఆనవాయితీ కదా.

మొన్న విజయనగరంలో మా అన్నయ్య మనవరాలి పెళ్ళి. కల్యాణ మండపం గుమ్మంలో ఒక సన్నాయి ఆయన నిలబడి వాయిస్తున్నాడు, పక్కన డోలు. పెళ్ళివారు దిగుతున్నారు, ఎవరూ అటు చూడడం లేదు. నేను వెళ్ళి ఎదురుగా నిలబడి, పాట అయ్యేదాకా విన్నాను. అయ్యాక, "బాగా వాయించారు. మీ పేరేమిటి బాబూ?" అని అడిగాను.

ఆయన మొహం పాలిపోయింది. సన్నాయి చంకలోకి దాచుకుని, "పేరెందుకమ్మా? ఏటి తప్పు సేసినాం?" అన్నాడు.

తప్పేమీ లేదన్నాను, ఊరికే అడిగానన్నాను. నమ్మలేదు. లోపలికి వెళ్ళి ఒక కుర్చీ తెప్పించి, చేతులున్నదే తెప్పించి, ఆయన పక్కన వేయించాను. భోజనం చేసి వచ్చేసరికి ఆయన ఇంకా నిలబడే వాయిస్తున్నాడు. కుర్చీలో డోలు సంచి పెట్టి ఉంది.